8 కేజీలు తీసి 4 కేజీలు వేశాం: ఒక స్విఫ్ట్ స్ప్రింగ్‌ల కథ

"అన్నా, కారు మస్తు టైట్ ఉంది. కానీ మలుపుల తిరుగుతలేదు, సీదా ముందుకే పోతది."

ఫోన్‌లో ఆ కుర్రాడు చెప్పిన మొదటి మాట ఇది. నా దగ్గరికి వచ్చే ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలే లాగే) కార్ల ఓనర్లలో సగం మంది చెప్పేది ఇదే. ఈ కారు లెక్కలన్నీ నోట్‌బుక్‌లో పద్ధతిగా రాసుకున్నాను కాబట్టి మొత్తం ఇక్కడ పెడుతున్నాను. ఇందులో నా పొరపాట్లు కూడా రెండున్నాయి.

కారు 2012 స్విఫ్ట్, 1.2 పెట్రోల్. వెనక సీటు, కార్పెట్లు, డోర్ ప్యాడ్లు తీసేసి రోల్ కేజ్ వేయించాడు. వాళ్లకి మలక్‌పేట గంజ్‌లో బియ్యం వ్యాపారం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు గ్యాలరీలో కూర్చుని చూశాడట. ఆ కార్లు మలుపులో ఇసుమంత కూడా ఒరగవు. గట్టిగా ఉండేదే రేసు కారు అని అప్పుడే అతని మనసులో ముద్ర పడిపోయింది. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కాయిలోవర్ సెట్ కొన్నాడు, అంటే స్ప్రింగ్‌లు, వాటి ఊపుని అదుపు చేసే డ్యాంపర్లు, ఎత్తు మార్చుకునే వీలుతో. ముందు 8 కేజీలు, వెనక 6 కేజీలు. అంటే స్ప్రింగ్‌ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి అన్ని కేజీల బరువు పడుతుందని అర్థం. స్ప్రింగ్ రేట్ అంటే ఇదే. పౌండ్ల లెక్కలో ఒక కేజీ అంటే అంగుళానికి 56 పౌండ్లు.

కారు వాడకం రెండు చోట్ల. ఆదివారాలు మేడ్చల్ వైపు ఒక గోదాం ముందున్న కాంక్రీట్ యార్డులో, ఓనరు అనుమతితో, కోన్లు పెట్టుకుని ఆటోక్రాస్ (కోన్ల మధ్య టైమ్ చూసుకుంటూ నడిపే పోటీ) ప్రాక్టీస్. ఏడాదికి ఒకటి రెండు సార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్.

మొదటి ఆదివారం నేను పక్క సీట్లో కూర్చున్నాను. యార్డు కాంక్రీట్ పలకలుగా పోసి ఉంది, పలకకీ పలకకీ మధ్య అతుకు. ఆ అతుకుల మీద వెళ్తుంటే ముందు చక్రాలు టకటకా ఎగురుతున్నాయి, ఎగిరిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిలో తేలిపోతోంది. మలుపు చివర యాక్సిలరేటర్ తొక్కగానే లోపలి ముందు చక్రం గిర్రున ఒట్టిగా తిరుగుతోంది. బయటి చక్రం మాత్రం టైరు భుజం (బయటి అంచు) మీద బరువంతా మోస్తూ కీచుమంటోంది. మూడు మంచి ల్యాపుల సగటు 41.3 సెకన్లు.

కుర్రాడి అభిప్రాయం టైర్లు మార్చాలని. మా ఉస్తాద్ అభిప్రాయం ముందు చక్రాల వైపు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) ఇంకా లావుది వేయాలని. నేను మొదట కారుని తూచాలన్నాను.

తూకం

ఒక్కో చక్రం మీద బరువు చూపే కార్నర్ వెయిట్ స్కేళ్లు నా దగ్గర లేవు. కొనాలంటే ఖరీదు. కానీ బియ్యం వ్యాపారం ఇంట్లో పెట్టుకుని కాంటాలకు కరువా? బస్తాలు తూచే 500 కేజీల ప్లాట్‌ఫామ్ కాంటాలు రెండు దుకాణం నుంచి తెచ్చాడు. ముందు రెండు చక్రాలు కాంటాల మీద, వెనక రెండు సరిగ్గా అంతే ఎత్తున్న చెక్క దిమ్మెల మీద పెట్టాం. తర్వాత అటూ ఇటూ మార్చాం. ఆ ఎత్తు సరిచూడటానికే గంట పట్టింది. ఒక మూల ఐదారు మిల్లీమీటర్లు ఎత్తైనా, ముఖ్యంగా ఇంత గట్టి స్ప్రింగ్‌లతో, అంకెలు ఎటో పోతాయి. డ్రైవర్ సీట్లో అతన్నే కూర్చోబెట్టి, హెల్మెట్ ఒళ్లో పెట్టి తూచాం.

ముందు కుడి 302, ముందు ఎడమ 293, వెనక కుడి 190, వెనక ఎడమ 175. మొత్తం 960 కేజీలు. అందులో 62 శాతం ముందే ఉంది.

ఇందులో స్ప్రింగ్ మోసేది అంతా కాదు. చక్రం, హబ్, బ్రేకు, ఆర్మ్‌లో సగం స్ప్రింగ్ కింద ఉంటాయి. వాటిని తీసేస్తే స్ప్రింగ్ పైన ముందు ఒక్కో మూలకు సుమారు 264 కేజీలు, వెనక 154.

తర్వాత మోషన్ రేషియో. ఇది కొలవకుండా స్ప్రింగ్ రేట్ గురించి మాట్లాడితే ఆ మాటలన్నీ గాల్లో మేడలే. చక్రం ఎంత కదిలితే స్ప్రింగ్ ఎంత నొక్కుకుంటుంది అన్నదే ఈ లెక్క. స్ప్రింగ్‌లు విప్పేసి, చక్రాన్ని జాకీతో 50 మిల్లీమీటర్లు పైకి లేపి, స్ప్రింగ్ కూర్చునే రెండు చోట్ల మధ్య దూరం ఎంత తగ్గిందో టేపు పెట్టి చూశాం. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, డ్యాంపర్ ఒకే కాడగా ఉండేది) కాబట్టి 47 నుంచి 48, అంటే 0.95. వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే, మెలికపడే దూలం), స్ప్రింగ్ డ్యాంపర్ మీద కాకుండా బీమ్ మీద, చక్రానికి కాస్త ముందు కూర్చుంటుంది. అక్కడ 40 వచ్చింది, అంటే 0.8.

చక్రం దగ్గర అసలు ఎంత గట్టిదనం ఉందో తెలియాలంటే ఈ రేషియోని వర్గం చేసి స్ప్రింగ్ రేట్‌తో గుణించాలి. వర్గం ఎందుకంటే దూరమూ తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది, రెండు దెబ్బలు. ముందు 8 కేజీలు చక్రం దగ్గర 7.2 అవుతుంది. వెనక 6 కేజీలు 3.84 మాత్రమే. స్టిక్కర్ మీద 8, 6 దగ్గర దగ్గర అంకెల్లా కనిపిస్తాయి. చక్రం దగ్గరికి వచ్చేసరికి ముందుది వెనకదానికి దాదాపు రెండింతలు. కుర్రాడు ఈ లెక్క నా చేత రెండుసార్లు చేయించాడు.

ఎంత గట్టి అంటే ఎంత?

కేజీల్లో మాట్లాడితే కారుకీ కారుకీ పోలిక కుదరదు. బరువైన కారుకి 8 మెత్తగా ఉండొచ్చు, తేలిక కారుకి 4 గట్టిగా ఉండొచ్చు. అందుకే హెర్ట్జ్‌లో చూడాలి, అంటే ఆ మూల సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో. నేను వాడే చిట్కా లెక్క: చక్రం దగ్గరి రేట్‌ని ఆ మూల స్ప్రింగ్ పైన ఉన్న బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 15.76తో గుణించడం.

మామూలు రోడ్డు కార్లు ఒకటి, ఒకటిన్నర మధ్య ఉంటాయి. గాలి ఒత్తిడితో నేలకు అదిమే రెక్కలేవీ లేని సెడాన్, హ్యాచ్‌బ్యాక్ రేసు కార్లకు ఒకటిన్నర నుంచి రెండు, కొంచెం పైన. మూడు దాటేవి రెక్కలున్న ఫార్ములా కార్లు. కారుతో వచ్చిన కంపెనీ స్ప్రింగ్‌లు కుర్రాడి ఇంట్లో అటక మీద ఉంటే తెప్పించి ప్రెస్ (నొక్కే యంత్రం) మీద కొలిచాం. ముందు 2.2, వెనక 2.0. అంటే 1.37, 1.44 హెర్ట్జ్. ఇప్పుడు కారులో ఉన్నవి 2.60, 2.49. ఇతని స్విఫ్ట్‌కి వెనక ఒక చిన్న స్పాయిలర్ తప్ప ఏమీ లేదు, అది కూడా అందానికే. రెక్కలున్న కారుకి పెట్టే గట్టిదనం వైపు వెళ్లిపోయాడు, రెక్కలు లేకుండా. అతుకుల మీద చక్రం నేల వదిలేస్తోందంటే వదలదా మరి!

ఇది సగం జబ్బే. తిరగకపోవడం అనే అసలు ఫిర్యాదు వేరే చోట ఉంది.

మలుపులో లోపలి చక్రాల బరువు బయటి చక్రాలకు వెళ్తుంది. ఎంత వెళ్తుందన్నది కారు బరువు, దాని గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు ఎంత గట్టిగా తిప్పామన్నదాని మీదే ఉంటుంది. స్ప్రింగ్ మార్చి దాన్ని తగ్గించలేం. ఎత్తు 500 మిల్లీమీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, 0.9 జీ మలుపు (కారు బరువులో 0.9 వంతు పక్క తోపు) అనుకుంటే 292 కేజీలు. స్ప్రింగ్ చేయగలిగింది ఒక్కటే. ఆ 292లో ముందు యాక్సిల్ వాటా ఎంత, వెనకది ఎంత అని పంచడం. ఉమ్మడి ఆస్తి పంపకం లాంటిదే. ఎటు గట్టిగా ఉంటే అటు ఎక్కువ వాటా పోతుంది.

7.2 కి 3.84 అంటే ముందుకి 65 శాతం. అంటే 190 కేజీలు ముందే మారుతున్నాయి. ముందు ఒక్కో చక్రం మీద ఉన్నది సగటున 297. అందులోంచి 190 పోతే లోపలి చక్రానికి మిగిలేది 107 కేజీలు. ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు సమానంగా పంచే మామూలు గేర్ల అమరిక) ఉన్న కారులో ఆ 107 కేజీల చక్రమే ఇంజన్ బలానికి హద్దు. అది ఒట్టిగా తిరగడంలో ఆశ్చర్యం ఏముంది? ఉస్తాద్ చెప్పినట్టు ముందు బార్ ఇంకా లావుది వేసి ఉంటే ఆ 107 ఇంకా తగ్గేది. ఆ మాట ఆయనకు చెప్పాను. "కాగితం మీద చూపియ్" అన్నారు. చూపించాను. చాయ్ తాగి, "సరే, బార్ వద్దు" అన్నారు. ఈ లెక్కలో యాంటీ రోల్ బార్, బీమ్ మెలిక, రోల్ సెంటర్ (కారు ఒరిగే కేంద్రం) ఏవీ వేయలేదు. కాబట్టి అసలు కేజీలు వేరుగా ఉంటాయి. కానీ ఒక స్ప్రింగ్ జతకీ ఇంకో జతకీ తేడా ఎటు వైపు పోతుందో చూడటానికి ఇది చాలు.

అందుకే మొదట వాటా నిర్ణయించుకున్నాను, కేజీలు తర్వాత. ముందు యాక్సిల్ వాటా 53 నుంచి 54 శాతానికి తేవాలి. అక్కడి నుంచి యార్డుకి రెండు హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండాలి, వెనక ముందుకంటే కొంచెం ఎక్కువగా. ముందు 4, వెనక 5 వేస్తే చక్రం దగ్గర 3.6, 3.2. వాటా 53 శాతం. 1.84, 2.27 హెర్ట్జ్. అదే మలుపులో లోపలి ముందు చక్రానికి 107 బదులు 142 కేజీలు మిగులుతాయి.

ముందుకంటే వెనక గట్టి స్ప్రింగ్ అనేసరికి కుర్రాడు నా మొహం చూశాడు. "అన్నా, ఉల్టా చెప్తున్నావ్ ఏమో?"

నా పొరపాట్లు

మొదటిది కొనేటప్పుడు. పాత 8 కేజీల స్ప్రింగ్ నిజంగా 8 ఏనా అని వర్నియర్‌తో తీగ మందం కొలిచాను. 11.7 వచ్చింది. లెక్క వేస్తే ఎనిమిదిన్నర పైనే తేలింది. ప్రెస్ మీద నొక్కితే మాత్రం 8కి దగ్గరగానే ఉంది. పావుగంట తల గోక్కున్నాక తట్టింది, నేను కొలిచింది తీగతో పాటు పౌడర్ కోటింగ్‌ని కూడా. ఒక మూల పెయింట్ గీకితే 11.5. రేట్ తీగ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి 0.2 మిల్లీమీటర్ల పెయింట్ ఏడు శాతం తేడా తెస్తుంది. వర్నియర్ లెక్క మీద నమ్మకం పెట్టుకోకండి, ప్రెస్ కింద కాంటా పెట్టి నొక్కి చూడండి. పది మిల్లీమీటర్లకోసారి రాసుకోండి.

(స్ప్రింగ్ కట్ చేయించేవాళ్లకి ఒక మాట. ఆరు చుట్లు పనిచేసే 2.2 కేజీల స్ప్రింగ్‌లో ఒక చుట్టు కోస్తే అది 2.64 అవుతుంది. రేట్ పెరగడం నిజమే. కానీ పొడవు తగ్గి కారు కిందికి దిగుతుంది, ప్రయాణం తగ్గుతుంది, చివరికి కారు రబ్బరు బంప్ స్టాప్ (ప్రయాణం చివర ఆపే దిమ్మె) మీద కూర్చుంటుంది. అప్పుడు మీ స్ప్రింగ్ రేట్ ఆ రబ్బరు రేటే.)

4 కేజీల స్ప్రింగ్‌లు 180 మిల్లీమీటర్ల పొడవువి చేతిలోకి తీసుకుని డబ్బులు కట్టబోయి ఆగాను. మెత్తటి స్ప్రింగ్ కారు బరువుకే ఎక్కువ నొక్కుకుంటుంది. 264ని 0.95తో భాగిస్తే స్ప్రింగ్ మీద 278 కేజీలు. 8 కేజీల స్ప్రింగ్ దానికి 35 మిల్లీమీటర్లు దిగుతుంది, 4 కేజీలది 70. అక్కడి నుంచి బంప్ స్టాప్ తగిలేవరకు ఇంకో 49. మొత్తం 119. ఆ స్ప్రింగ్ చుట్టుకి చుట్టు ఆనేసరికి 72 పొడవుంది, అంటే 180 దాంట్లో ప్రయాణం 108 మాత్రమే. బంప్ స్టాప్ కంటే ముందే స్ప్రింగ్ ఇనుప దిమ్మె అయిపోయేది. 200 పొడవువి తీసుకున్నాను. లోపలి వ్యాసం 65 కావాలి, 63.5 వాటిని కూడా అదే కౌంటర్‌లో పెట్టి అమ్ముతారు, చూసుకోవాలి.

రెండో పొరపాటు ఇంకా సిల్లీది. స్ప్రింగ్‌లు మార్చి, డ్యాంపర్ క్లిక్‌లు (గట్టిదనం మార్చే మెట్లు) పాతవే వదిలేశాను. రెండో ఆదివారం మొదటి ల్యాపుల్లో 41.0. ఇంత కష్టపడి మూడు పాయింట్లేనా? డ్యాంపర్ రాడ్‌కి కట్టిన జిప్ టై చూస్తే విషయం తెలిసింది. రాడ్ మీద బిగుతుగా ఒక జిప్ టై కడితే, డ్యాంపర్ ఎంత లోపలికి వెళ్లిందో అది అక్కడే ఆగి చెబుతుంది. పది రూపాయల డేటా లాగర్. అది బంప్ స్టాప్ దాకా వెళ్లి ఆగింది. 8 కేజీల స్ప్రింగ్‌ని అదుపు చేయడానికి బిగించిన రీబౌండ్ (స్ప్రింగ్ తిరిగి సాగేటప్పుడు డ్యాంపర్ ఇచ్చే అడ్డు) 4 కేజీలదానికి చాలా ఎక్కువ. ఒక అతుకు మీద నొక్కుకున్న చక్రం కిందికి తిరిగి వచ్చేలోపే తర్వాతి అతుకు వచ్చేస్తోంది. అతుకు అతుక్కీ ముక్కు ఇంకా ఇంకా కిందికి దిగి చివరికి రబ్బరు మీద నడుస్తోంది. స్ప్రింగ్ రేట్ సగమైతే కావలసిన డ్యాంపింగ్ సుమారు 70 శాతానికి తగ్గుతుంది. ముందువి దాదాపు పూర్తి మెత్తకి తిప్పాను, వెనకవి రెండు క్లిక్‌లే.

దాంతో పాటు ముక్కు 10 మిల్లీమీటర్లు లేపాను. ఇక్కడ పెద్ద గొడవ. "స్టాన్స్ పోతది అన్నా, ఫ్రెండ్స్ నవ్వుతరు." చక్రానికీ ఫెండర్‌కీ మధ్య వేలు దూరే సందు అతనికి అవమానం. బ్రేకు వేస్తూ మలుపులోకి వెళ్తే ముందు బయటి చక్రం ఎంత పైకి వస్తుందో కాగితం మీద చూపించాను. బ్రేకుకి 22, మలుపుకి 43, కలిపితే 65 మిల్లీమీటర్లు. బార్ కొంత కాపాడుతుంది, అయినా చక్రం దగ్గర ఉన్న దారి 52. చివరికి ఒక్క ఆదివారానికి ఒప్పుకున్నాడు. జిప్ టై రాడ్ మీద 46 దగ్గర ఆగింది. టైమ్ 40.1. ఎత్తు గురించి మళ్లీ మాట్లాడలేదు.

వెనక స్ప్రింగ్‌లు మార్చడం తేలిక. డ్యాంపర్ కింది బోల్టు తీస్తే బీమ్ దిగుతుంది, ఇరవై నిమిషాల పని. అందుకే అదే ఉదయం పాత 6 కేజీలవి వెనక వేసి చూశాం, ముందు 4 అలాగే ఉంచి. వాటా 48కి పడిపోయింది. ఒక ల్యాప్ 39.8. అన్నిటికంటే వేగం. తర్వాతి రెండు ల్యాపుల్లో మూడో కోను దగ్గర కారు గిర్రున తిరిగి వెనక్కి చూసింది. కుర్రాడికి అదే నచ్చింది! లోపలి వెనక చక్రం జానెడు గాల్లో ఉన్న ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ఆ చక్రం లేవడం తప్పు కాదు, కానీ యాక్సిలరేటర్ వదలగానే వెనక జారిపోయే కారుని చెన్నైలో వేగంగా తిరిగే మలుపులో ఇతని చేతికి ఇవ్వను. ఆ మాట గట్టిగానే చెప్పాను.

మూడో ఆదివారం ముందు 5, వెనక 6. వాటా 54, అంటే 4, 5 జతకి దాదాపు సమానం. హెర్ట్జ్ మాత్రం 2.06, 2.49. యార్డులో 40.4. ఆదివారానికీ ఆదివారానికీ అర సెకను లోపు తేడాని నేను లెక్కలోకి తీసుకోను. ఎండ మారుతుంది, దుమ్ము మారుతుంది, టైర్లు అరుగుతాయి. కానీ అతుకుల మీద అతని చేతులు చూశాను. 4, 5తో స్టీరింగ్ మీద వేళ్లు వదులుగా ఉన్నాయి, 5, 6తో మళ్లీ బిగుసుకున్నాయి. యార్డుకి 4, 5. నున్నగా ఉండి వేగం ఎక్కువుండే చెన్నైకి 5, 6. రెండు చోట్లా కారు తిరిగే తీరు ఒకటే కాబట్టి అతను కొత్తగా నేర్చుకోవాల్సింది ఉండదు. పైగా వెనక 6 కేజీలవి అతని దగ్గర ఉన్నవే. మొదటి నుంచీ తప్పు ముందు 8ది, వెనక 6ది కాదు.

మట్టి ఆటోక్రాస్‌కి ఇదే సెట్ పనికొస్తుందా అని అడిగాడు. రాదన్నాను. దానికి ఎత్తు, పొడవైన డ్యాంపర్లు, వేరే టైర్లు కావాలి. అది వేరే కారు కిందే లెక్క.

చెన్నై వెళ్లి వచ్చాడు. అక్కడి ల్యాప్ టైమ్‌లు నేను పోల్చను, పాత ట్రిప్పు వేరే నెలలో, వేరే వేడిలో జరిగింది. టైర్లు మాత్రం చూశాను. పోయినసారి ముందు టైర్ల బయటి భుజం గుండ్రంగా అరిగిపోయి వచ్చింది. ఈసారి వెడల్పంతా ఇంచుమించు ఒకేలా అరిగింది. ముందు ఎడమ జిప్ టై మాత్రం కుడిదానికంటే నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి వెళ్లింది. ట్రాక్ తిరిగే దిశ వల్లో, లేక ఎడమ డ్యాంపర్ నీరసించిందో తేలాలంటే రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ యార్డులో తిప్పాలి. ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికి రమ్మన్నాను, కాంటాలు కూడా తెమ్మన్నాను.